ఖాళీ స్ట్రిప్పుల కట్ట: ఒక సీఎంఎల్ కేసు

2018 ఫిబ్రవరి. గుంటూరులో మిర్చి సీజన్ ఊపందుకునే రోజులు. ఓపీ వరండాలో కూర్చున్నవాళ్లలో సగం మంది దగ్గుతూ ఉంటారు, లోపల కూర్చున్న మేమూ అంతే. ఆ రోజు వచ్చినవాళ్లలో ముప్పై ఆరేళ్ల మనిషి ఒకడు, యార్డులో హమాలీ. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను, వైద్యానికి సంబంధించిన వరస మాత్రం మార్చలేదు.

ఎడమ డొక్కలో బరువుగా ఉంటోందన్నాడు. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది. ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు. ఒకప్పుడు మిర్చి టిక్కీని, అంటే బస్తాను, అలవోకగా భుజానికెత్తుకున్నవాడు, ఇప్పుడు ఎత్తితే ఆయాసపడుతున్నాడు. ఐదు నెలలుగా పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాడు. ఎవరు రాశారని అడిగితే, "మొదట మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చాడమ్మా, తర్వాత నేనే షాపులో కొనుక్కుంటన్నా" అన్నాడు. కేస్ షీటులో పాంటోప్రజోల్ 40 అని రాసుకుని పక్కన పెట్టేశాను. ఈ మాత్ర సంగతి మళ్లీ వస్తుంది.

పడుకోబెట్టి చెయ్యి వేస్తే గ్యాస్ ఎక్కడుందో తెలిసిపోయింది. ప్లీహం ఎడమ పక్కటెముకల కింద 12 సెంటీమీటర్లు దిగి, బొడ్డుకు దగ్గరగా గట్టిగా తగిలింది. హిమోగ్లోబిన్ 9.1. ప్లేట్‌లెట్లు 5,40,000. తెల్లకణాలు 1,86,000, మామూలుగా పదకొండు వేలు దాటకూడదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచిన స్మియర్ నేనే చూశాను. సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్) స్మియర్ ఒకసారి చూస్తే మర్చిపోవడం కష్టం. మూలుగలోనే ఉండి ఎదగాల్సిన పిల్లకణాల దగ్గర్నుంచి పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్ దాకా అన్ని వయసుల కణాలూ, బడి అసెంబ్లీలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నిలబడ్డట్టు, రక్తంలో కనిపిస్తాయి. బ్లాస్టులు, అంటే మరీ పసికణాలు, 3 శాతం, బేసోఫిల్స్ అనే తెల్లకణాలు 6 శాతం. అంటే జబ్బు ఇంకా నెమ్మదిగా నడిచే క్రానిక్ దశలోనే ఉంది. మూలుగ పరీక్షలో చూసిన ఇరవై కణాల్లో ఇరవైలోనూ ఈ జబ్బుకు గుర్తయిన ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉంది.

"బ్లడ్ క్యాన్సరా అమ్మా?" అని అడిగింది అతని భార్య. అవునన్నాను. ఆవిడ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎన్నాళ్లు?" అంది.

నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ఈ ప్రశ్నకు మా ప్రొఫెసర్లు చెప్పిన జవాబు నాలుగైదేళ్లు. చెల్లెలో తమ్ముడో మూలుగ సరిపోతే మార్పిడి, లేదంటే ఇంటర్‌ఫెరాన్ సూదులు, ఆ సూదులతో రోజూ జ్వరం. 2018లో నేను ఆవిడకు చెప్పిన జవాబు వేరు: "రోజుకో మాత్ర మానకుండా వేసుకుంటే, ముసలివాడై మనవల్ని ఎత్తుకునే అవకాశం బాగా ఉంది." ఈ రెండు జవాబుల మధ్య నలభై ఏళ్ల కణశాస్త్రం ఉంది. దాన్ని కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత ఈ మనిషికి మందు పనిచేయడం మానేసినప్పుడు నాకు దారి చూపింది ఆ శాస్త్రమే.

కణానికి ఏది లేకపోతే బతకదో కనిపెట్టి అక్కడ కొట్టడం అనే ఆలోచన పాతదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేస్తూ, దాన్ని పోలి ఉండి దాని పని చెడగొట్టే అమైనోప్టెరిన్‌ను తన బృందంతో తయారు చేయించాడు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. కాకపోతే ఫోలిక్ ఆమ్లం విభజన చెందే ప్రతి కణానికీ కావాలి. అందుకే ఆ తరం మందులతో జుట్టు ఊడుతుంది, నోట్లో పుళ్లు పడతాయి, పేగులు చెడతాయి. జబ్బు కణంలో మాత్రమే ఉండి మంచి కణంలో లేని లక్ష్యం ఒకటి కావాలి. సీఎంఎల్‌లో అది దొరికింది.

అది దొరికిన తీరు చూస్తే ఎవరూ మందు కోసం వెతికినట్టు ఉండదు. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ లుకేమియా కణాలకు రంగు వేయడానికి స్లైడును మామూలు కుళాయి నీళ్లతో కడిగాడు. నీళ్లు పీల్చుకుని కణాలు ఉబ్బి, క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. డేవిడ్ హంగర్‌ఫోర్డ్‌తో కలిసి చూస్తే, సీఎంఎల్ పేషెంట్లలో ఒక క్రోమోజోమ్ మరీ పొట్టిగా కనిపించింది. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటే అదే. అది 1960. ముక్క ఊడిపోయిందనే అంతా అనుకున్నారు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ, కొత్తగా వచ్చిన రంగుల పద్ధతితో తీసిన క్రోమోజోమ్ ఫొటోలను కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చుకుని చూసి అసలు సంగతి పట్టుకుంది. ఇరవై రెండో క్రోమోజోమ్ నుంచి పోయిన ముక్క తొమ్మిదో దాని చివర అంటుకుని ఉంది. అంటే ముక్కలు చేతులు మారాయి.

చేతులు మారితే ఏమవుతుంది? దానికి జవాబు ఎలుకల నుంచి వచ్చింది. ఎలుకల్లో లుకేమియా తెచ్చే ఏబెల్సన్ వైరస్‌లో ఏబీఎల్ అనే జన్యువు ఉంది. ఈలోగా సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ ఒక ప్రయోగానికి బఫర్‌ను (ఆమ్లతను నిలకడగా ఉంచే ద్రావణాన్ని) తాజాగా కలుపుకోకుండా పాతదే వాడాడు. దాని ఆమ్లత కొద్దిగా మారిపోయి ఉండటంతో, ఎప్పుడూ ఒకే మచ్చగా కనిపించేది రెండు మచ్చలుగా విడిపోయింది. ఆ రెండోది ఫాస్ఫేట్ తగిలించిన టైరోసిన్, ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం. అప్పటిదాకా అలాంటిది ఉంటుందని ఎవరికీ తెలియదు. 1979 నాటి ముచ్చట ఇది. బఫర్ ప్రతిసారీ తాజాగా కలపాలని మా పీజీలను కోప్పడేటప్పుడు నాకు ఈ కథే గుర్తొచ్చి కోపం సగం చల్లారుతుంది. మరుసటి ఏడాదే డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్‌లో ఓవెన్ విట్టే తదితరులు ఏబీఎల్ కూడా ఇలాంటి టైరోసిన్ కైనేజేనని చూపించారు. కైనేజ్ అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసుకుని మరో ప్రొటీన్‌కు తగిలించే ఎంజైమ్. తగిలిస్తే ఆ ప్రొటీన్ మేలుకుంటుంది, కణానికి 'విభజన చెందు' అన్న కబురు వెళ్తుంది.

మంచి కణంలో ఏబీఎల్ అవసరమైనప్పుడు మేలుకుని పని కాగానే పడుకుంటుంది. క్రోమోజోముల మధ్య ముక్కలు మారినప్పుడు తొమ్మిదోదాని మీదున్న ఈ ఏబీఎల్, ఇరవై రెండోదాని మీదున్న బీసీఆర్ అనే మరో జన్యువుతో అతుక్కుపోతుంది. ఆ అతుకుల ప్రొటీన్‌కు నిద్రే లేదు. 1990లో జార్జ్ డేలీ, రిచర్డ్ వాన్ ఎటెన్, బాల్టిమోర్ ఈ ఒక్క జన్యువును ఎలుకల మూలుగలోకి ఎక్కిస్తే ఎలుకలకు సీఎంఎల్ లాంటి జబ్బు వచ్చింది. నా ఉద్దేశంలో మందుకు దారి నిజంగా తెరుచుకున్నది ఇక్కడే. అంతకుముందు దాకా బీసీఆర్-ఏబీఎల్ జబ్బుతోపాటు ఉన్న గుర్తు మాత్రమే కావచ్చు. ఇల్లు కాలిన చోట కనిపించిన ప్రతివాడూ నిప్పు పెట్టినవాడు కాడు. నిప్పు పెట్టగలడని చూపించాకే వాడి మీద కేసు నిలుస్తుంది.

బాసెల్‌లో సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లిడన్, కెమిస్ట్ యూర్గ్ జిమ్మర్‌మాన్ కైనేజ్‌లను అడ్డుకునే అణువులు చేస్తున్నారు. వాళ్లు మొదలుపెట్టిన అణువు పీకేసీ అనే వేరే కైనేజ్ మీద పనిచేసేది. ఒక చోట చిన్న మిథైల్ గుంపు చేరిస్తే అది పీకేసీని వదిలేసి ఏబీఎల్‌ను పట్టుకుంది. ఆరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ దాన్ని పేషెంట్ల కణాల మీద ప్రయత్నించి 1996లో ఫలితం ప్రచురించాడు: బీసీఆర్-ఏబీఎల్ ఉన్న కణాల కాలనీలు 92 నుంచి 98 శాతం తగ్గాయి, మంచి కణాల కాలనీలు చెక్కుచెదరలేదు. 1998లో మనుషుల మీద మొదలుపెట్టారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. క్యాన్సర్ మందుల మొదటి దశ ప్రయోగంలో ఇలాంటి అంకె చూడటం ఎవరికీ అలవాటు లేదు. 2001 మేలో అమెరికా అనుమతించింది. అదే ఇమాటినిబ్.

విద్యార్థులకు ఈ కథ చెప్పేటప్పుడు ఒక మాట కలపకుండా ఉండలేను. దీన్ని క్యాన్సర్ పరిశోధనకు నమూనాగా చూపిస్తారు, నిజానికి ఇది అదృష్టజాతకం. క్రానిక్ దశ సీఎంఎల్‌లో దాదాపు మొత్తం బండిని ఒక్క జన్యువే లాగుతుంది. ఊపిరితిత్తుల గడ్డలోనో క్లోమపు గడ్డలోనో ఒకటి ఆపితే మరొకటి లాగుతుంది. కేఆర్‌ఏఎస్ అనే జన్యువు క్యాన్సర్లో ఉందని 1980ల నుంచీ తెలుసు. దాని మీద మందు అతుక్కునే గుంట ఒకటి 2013లో కెవన్ షోకట్ బృందానికి దొరికేదాకా అది లొంగనిదనే అన్నారు. మొదటి మందు 2021లో గానీ రాలేదు. లక్ష్యం తెలియడం, మందు దొరకడం ఒకటే అనుకునేవాళ్లు ఆ నలభై ఏళ్లను లెక్కపెట్టుకోవాలి.

మన పేషెంటు దగ్గరికి వస్తాను. వారం రోజులు హైడ్రాక్సీయూరియాతో కణాల లెక్క తగ్గించి, తోడుగా అల్లోప్యూరినాల్ ఇచ్చి, ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో. డబ్బు సంగతి ఆ ఇంట్లో నన్ను అడగలేదు గానీ, పదిహేనేళ్ల ముందైతే అదే మొదటి ప్రశ్న అయ్యేది. కంపెనీ మందుకు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా అయ్యేది. 2003లో హైదరాబాద్ కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో అదే మందును అందులో చిన్న భాగం ధరకు తెచ్చింది. పేటెంటు తగువు కోర్టులెక్కి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ (సీబా-గైగీ విలీనంతో ఏర్పడ్డ కంపెనీ) అప్పీలును కొట్టేయడంతో ముగిసింది. బాసెల్‌లో కనిపెట్టిన మాత్ర గుంటూరు హమాలీ నోటిదాకా రావడానికి కణశాస్త్రం ఒక్కటే సరిపోలేదు.

రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో చూసే పరీక్షలో మూడు నెలలకు 7.8 శాతం, ఆరు నెలలకు 0.9, ఏడాదికి 0.08. పుస్తకంలో గీసిన గీత మీద నడిచినట్టు దిగింది. మూడు నెలలకు 10, ఆరుకు 1, ఏడాదికి 0.1 కిందికి రావాలన్నది మా కొలత. ప్లీహం లోపలికి పోయింది, మనిషి మళ్లీ టిక్కీలు ఎత్తాడు. ఇబ్బందులు చిన్నవే: పొద్దున్నే కళ్ల కింద వాపు, రాత్రి పిక్కలు పట్టెయ్యడం. ఇంకొకటి. ఏడెనిమిది నెలలకు అతని ఒళ్లు రంగు తేలింది. "యార్డులో అంతా ఏం క్రీము రాస్తన్నావురా అంటన్నారమ్మా" అని సిగ్గుపడ్డాడు. ఇమాటినిబ్ ఏబీఎల్‌తోపాటు కిట్ అనే మరో కైనేజ్‌ను కూడా ఆపుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలకు కిట్ కావాలి. జీర్ణాశయంలో వచ్చే జీఐఎస్‌టీ అనే గడ్డలు చాలావరకు అదే కిట్ మీద బతుకుతాయి కాబట్టి, ఈ మాత్రే వాటికీ మందయింది. ఒక హమాలీ ఒంటి రంగులో వచ్చిన మార్పూ, ఇంకొక రోగి కడుపులో గడ్డ కరగడమూ ఒకే కారణంగా జరుగుతాయి. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చే విషయాల్లో ఇదొకటి.

2021 మార్చిలో అంకె 0.7కు లేచింది.

నాకు వచ్చిన మొదటి ఆలోచన సీజన్. రెండోది కరోనా. పొద్దున నాలుగింటికి యార్డుకు వెళ్లి రాత్రి వచ్చేవాడు, మాత్ర మర్చిపోయి ఉంటాడు. సీఎంఎల్‌లో అంకె పెరిగితే ముందుగా అనుమానించాల్సింది మాత్రలు మానెయ్యడమే, ఆ లెక్కన నేను తప్పు ఆలోచించలేదు. తప్పు అడిగిన తీరులో ఉంది. అడగడానికి బదులు కోప్పడ్డాను. "ఇంత మంచి మందు ఉచితంగా చేతిలో పెడితే నిర్లక్ష్యం చేస్తావేమయ్యా, పిల్లల మొహం చూడక్కర్లేదా?" అన్నాను. అతను తల వంచుకున్నాడు. వేసుకుంటున్నానని ఒక్కసారి అన్నాడు, నేను వినలేదు.

నెల తర్వాత అంకె 1.9. ఈసారి భార్య వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పులు తీసి నా బల్ల మీద పెట్టింది. నెలకు మూడు చొప్పున, ఒక్కో నెలకు ఒక రబ్బరు బ్యాండు. ప్రతి కట్టలో పైనున్న స్ట్రిప్పు వెనక బాల్ పెన్నుతో నెల పేరు. జనవరి, ఫిబ్రవరి, మార్చి. వెండిరేకు మీద వేలిగోళ్ల గీతలు. "నేనే చేతిలో పోసి మింగిస్తానమ్మా. లెక్క పెట్టుకోండి" అంది. లెక్క పెట్టాల్సిన పని లేదు గానీ పెట్టాను, నా తప్పు నాకు కనిపించేదాకా ఏదో ఒకటి చెయ్యాలి కదా. సరిగ్గా ఉన్నాయి.

మాత్రలు సరిగ్గా వేసుకుంటుంటే మిగిలినవి రెండు దారులు. మందును లివర్లో త్వరగా కరిగించేసే వేరే మందు ఏదైనా వాడుతున్నాడా? టీబీ మందు, ఫిట్స్ మందు అలా చేస్తాయి. అవేవీ లేవు. ఇక లక్ష్యమే మారిపోయి ఉండాలి. రక్తం మ్యుటేషన్ పరీక్షకు పంపితే మూడు వారాలకు రిపోర్టు వచ్చింది: వై253హెచ్. ఏబీఎల్ ప్రొటీన్‌లో 253వ స్థానంలో టైరోసిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్.

ఇమాటినిబ్ నిద్రపోతున్న భంగిమలో ఉన్న ఏబీఎల్‌లోకి, ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలోకి దూరుతుంది. దూరాక పీ-లూప్ అనే మడత పైనుంచి వంగి దాన్ని మూతలా పట్టుకుంటుంది. 253వ టైరోసిన్ ఆ మడతలోదే. అది మారితే మూత సరిగ్గా పడదు, మందు జారిపోతుంది. ఈ గుంట ఆకారం 2000లో జాన్ కురియన్ బృందం స్ఫటికం చేసి చూపించకపోతే నా చేతిలో ఉన్నది ఒట్టి అంకె, అక్షరాలే.

ఇమాటినిబ్ తర్వాత వచ్చిన మందుల్లో నిలోటినిబ్ ఇమాటినిబ్‌ను సాన పట్టి చేసిందే. అదీ అదే భంగిమను, అదే మడతను నమ్ముకుంటుంది కాబట్టి వై253హెచ్ ముందు బలహీనం. ఇంకొకటైన డాసాటినిబ్ మేలుకున్న భంగిమలోనూ అతుక్కోగలదు, ఆ మడత మీద అంతగా ఆధారపడదు. టీ315ఐ అనే ఇంకో మ్యుటేషన్ వచ్చి ఉంటే డాసాటినిబ్ కూడా పనికిరాదు, పోనాటినిబ్ లాంటిది వెతకాలి. మందు ఎంచుకోవడంలో నా అనుభవానికి పెద్దగా పని లేకపోయింది. ఒక్క అమైనో ఆమ్లం తేల్చేసింది.

"పత్తికి కొట్టే మందుకు పురుగు అలవాటు పడ్డట్టా అమ్మా?" అన్నాడు. ఇంచుమించు అంతే. మందు ఆ మార్పును పుట్టించలేదు. కోట్ల కణాల్లో ఎక్కడో ఒక దానిలో అది వచ్చింది. మిగతావి చచ్చాయి, అదొక్కటే చేనంతా పాకింది. నేను పది నిమిషాలు బొమ్మ గీసి చెప్పేదాన్ని అతను ఒక్క ముక్కలో అనేశాడు. పోయినసారి అన్న మాటలకు అప్పుడు క్షమించమని అడిగాను. "అయ్యో, మీరట్టా అనకండి" అని భార్య వైపు చూశాడు. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు.

మేలో డాసాటినిబ్ 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. ఆగస్టులో అంకె 1.6. దాదాపు ఉన్నచోటే ఉంది. వై253హెచ్ మీద డాసాటినిబ్ ఇంత మందంగా ఉండకూడదు. ఈసారి కోప్పడలేదు. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లో వేసుకునేవన్నీ వరసగా చెప్పమన్నాను. మొదటిదే చెప్పాడు: "లేవగానే గ్యాస్ మాత్రమ్మా."

కేస్ షీటు మొదటి పేజీ తిప్పాను. నా చేతిరాతే: పాంటోప్రజోల్ 40, ఐదు నెలలుగా. నాలుగేళ్లుగా అతను ఆ మాత్ర మానలేదు, మానమని ఎవరూ చెప్పలేదు. ఇమాటినిబ్‌కు దానితో పేచీ లేదు కాబట్టి మూడేళ్లు అది బయటపడలేదు. డాసాటినిబ్ అలా కాదు. అది కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని ఆపేసే మాత్రతో కలిపితే రక్తంలోకి చేరే మందు బాగా తగ్గిపోతుంది. గుంట ఆకారం, మడత, అమైనో ఆమ్లం అన్నీ సరిచూసుకుని, మందు అక్కడిదాకా చేరుతుందో లేదో చూసుకోలేదు. కొత్త మందు మొదలుపెట్టే రోజు పాత మందుల జాబితా మళ్లీ రాయాలని పీజీలకు చెప్పే నేనే ఆ పని చెయ్యలేదు.

గ్యాస్ మాత్ర మాన్పించాను. రెండు వారాలు ఛాతీలో మంట అన్నాడు, డాసాటినిబ్‌కు కనీసం రెండు గంటలు ఎడంగా యాంటాసిడ్ సిరప్ తాగమన్నాను, తర్వాత అదీ అవసరం లేకపోయింది. నవంబరుకు 0.2. మరుసటి మేకు 0.03. ఆ తర్వాత ఒకసారి కుడి ఊపిరితిత్తి చుట్టూ కొద్దిగా నీరు చేరింది. డాసాటినిబ్‌తో తెలిసిన ఇబ్బందే. నెల ఆపి 50 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టాం. అంకె కిందే ఉంది. ఒంటి రంగు కూడా కొంత పాతదానికి వచ్చింది, యార్డులో క్రీము జోకులు ఆగాయి.

పోయినసారి వచ్చినప్పుడు మాత్ర ఎప్పుడు మానెయ్యొచ్చని అడిగాడు. ఫ్రాన్స్‌లో రెండేళ్లకు పైగా జబ్బు ఆనవాలే కనిపించనివాళ్లకు ఇమాటినిబ్ ఆపి చూస్తే, వందలో నలభై మందికి దగ్గరగా అది తిరిగి రాలేదు. మిగతావాళ్లకు వచ్చింది, మాత్ర మొదలుపెడితే మళ్లీ లొంగింది. మూలకణాల్లో కొన్ని బీసీఆర్-ఏబీఎల్‌ను ఆపేసినా చావవు, మందు వాటిని మూలుగలోంచి ఊడ్చెయ్యలేదు. ఒకసారి మందుకు లొంగకుండా మ్యుటేషన్ వచ్చిన మనిషి కాబట్టి, నీ విషయంలో ఆపే ఆలోచన ఇప్పుడు వద్దన్నాను.

"అయితే ఈ సీజన్ కానివ్వండమ్మా, మళ్లీ అడుగుతా" అన్నాడు. భార్య సంచి తెరిచి ఈసారి నేను అడక్కుండానే కట్టలు బల్ల మీద పెట్టింది, డాసాటినిబ్‌వి. నేను లెక్కపెట్టేదాకా తియ్యలేదు.